ఇనిష్ మోర్ దీవిలో అద్దె సైకిల్: 20 యూరోలకి దీవంతా

ఐర్లండ్ పడమటి తీరానికి సైకిల్ సెలవులకి వెళ్లేవాళ్లు ఆరన్ దీవులకి తప్పకుండా ఒక రోజు ఇవ్వాలి. మూడు దీవుల్లో పెద్దది ఇనిష్ మోర్. అక్కడ మీ రోజు ఎలా గడుస్తుందన్నది సగానికి సగం మీ చేతికొచ్చే సైకిల్ మీద ఉంటుంది. అందుకే ఈ రివ్యూలో ఎక్కువ భాగం జెట్టీ దగ్గర మేం సైకిళ్లు తీసుకున్న షాపు గురించే రాస్తున్నాను. పేరు రాయడం లేదు. పడవ ఆగే ఊరు కిల్‌రోనన్‌లో సైకిళ్లు అద్దెకిచ్చే చోట్లు ఒకటికి మించి ఉన్నాయి, ఎక్కడ తీసుకున్నా చూసుకోవాల్సినవి ఇవే. ముందుగా నా మాట చెప్పేస్తాను: షాపు మంచిది, మళ్లీ వెళ్తే అక్కడే తీసుకుంటాను. కానీ బుకింగ్, హెల్మెట్లు, ఈ రెండు విషయాల్లో వాళ్లు మారాలి.

మేం కట్టింది మామూలు సైకిల్‌కి రోజుకి 20 యూరోలు. ఎలక్ట్రిక్‌ది దానికి రెట్టింపు. ఇది కాక సైకిల్‌కి 10 యూరోల డిపాజిట్, తిరిగి ఇచ్చేటప్పుడు అక్కడికక్కడే చేతిలో పెట్టేశారు. సెలవులో మిగతా రోజులు దీవులకి ఎదురుగా ఒడ్డు మీదున్న కొన్నెమారా ప్రాంతంలో తొక్కిన రోడ్డు సైకిళ్లని గాల్వే నగరంలోనే వదిలి వచ్చాం. సన్న టైర్లతో దీవిలోని రాళ్ల సందుల్లో తిరగడం కష్టమని మావారు ముందే అన్నారు. అక్కడికెళ్లి చూశాక ఆయన మాట నూటికి నూరుపాళ్లూ నిజమనిపించింది.

గాల్వే నుంచి బస్సులో గంట ప్రయాణం చేస్తే రోసవీల్ రేవు వస్తుంది. అక్కడి నుంచి ఫెర్రీలో 40 నిమిషాలు. మేం ఎక్కింది పొద్దున పదిన్నర పడవ. వేసవిలో ఆ పడవ కిక్కిరిసి ఉంటుంది, దిగినవాళ్లలో చాలామంది నేరుగా సైకిల్ షాపుల వైపే నడుస్తారు. మిగిలినవాళ్ల కోసం జెట్టీ మీద మినీ బస్సులు, గుర్రబ్బండ్లు సిద్ధంగా ఉంటాయి. నడవలేనివాళ్లకి, చంటిపిల్లలున్నవాళ్లకి అవి మంచివే. కానీ ఇనిష్ మోర్ అందం ఇక్కడి పాతకాలపు రాతి కోటల్లో కన్నా కోటకీ కోటకీ మధ్య దారిలోనే ఎక్కువ ఉంది. బస్సులో కూర్చుంటే ఆ దారి కిటికీ అవతలే ఉండిపోతుంది. నచ్చిన చోట కాలు కింద పెట్టి నిలబడాలంటే సైకిలే ఉండాలి.

ఇక షాపు సంగతి. నా ఎత్తు అయిదడుగులు దాటదు. అందుకే ఆన్‌లైన్‌లో బుక్ చేసేటప్పుడే చిన్న ఫ్రేము కావాలని ఎంచుకున్నాను, కన్ఫర్మేషన్‌లో కూడా అదే వచ్చింది. తీరా వెళ్తే చిన్న ఫ్రేములన్నీ అప్పటికే ఇచ్చేశారట. బుకింగ్ ఎందుకు తీసుకున్నట్టు? ఇది చిన్న విషయం కాదు. సీటు మీద కూర్చుంటే కాలి మునివేళ్లు కూడా నేలకి అందని సైకిల్‌తో ఎదురుగాలిలో, ఇరుకు రోడ్డు మీద వెళ్లడం ప్రమాదం. అదే మాట గట్టిగానే చెప్పాను. కౌంటర్ దగ్గరున్నావిడ ఒక్క మాట కూడా వాదించకుండా వెనక షెడ్డులోకి వెళ్లి, మధ్య రాడ్డు కిందికి వంగి ఉండే లేడీస్ సైకిల్ ఒకటి తీసుకొచ్చింది. ముందు బుట్ట, వెనక క్యారియర్, లావు టైర్లు. చూడ్డానికి పాతదే, కానీ నాకు సరిగ్గా సరిపోయింది. పొట్టివాళ్లు, ముఖ్యంగా మన ఆడవాళ్లు, బుక్ చేశాం కదా అని ధీమాగా ఉండొద్దు. పడవ దిగగానే ముందు వరుసలో ఉండేలా చూసుకోండి.

ఆ తర్వాత జరిగినదానికి మాత్రం పూర్తి మార్కులు ఇస్తాను. మెకానిక్ కుర్రాడు ఒకడు ప్రతి సైకిల్‌నీ బయటికి పంపేముందు చేతిలోకి తీసుకుని చూస్తున్నాడు. నా సైకిల్ ముందు బ్రేకు నొక్కి పట్టుకుని బండిని ముందుకీ వెనక్కీ ఊపాడు. హ్యాండిల్ దగ్గర ఏదో కదులుతున్నట్టు అనిపించిందేమో, రెంచీతో బిగించి మళ్లీ ఊపి చూశాడు. వెనక చక్రం పైకెత్తి, పెడల్ తిప్పుతూ గేర్లన్నీ ఒక్కొక్కటిగా మార్చాడు. గుడ్డకి నూనె అంటించి చైన్‌ని ఆ గుడ్డ మధ్యలోంచి రెండు చుట్లు లాగేసరికి గుడ్డంతా ఎర్రగా అయింది. ఇక్కడి గాలిలో ఉప్పు వల్ల ఒక్క రాత్రి తుడవకపోయినా చైన్ తుప్పు పడుతుందని చెప్పాడు. సీటు ఎత్తు సరిచేసి, నన్ను ఎక్కించి, పెడల్ కింద ఉన్నప్పుడు మోకాలు కాస్త వంగి ఉందో లేదో కూడా చూశాడు. కొన్నెమారాలో ఇంతకన్నా ఎక్కువ అద్దె పుచ్చుకున్నవాళ్లు కూడా ఈ పని చెయ్యలేదు.

హెల్మెట్లు మాత్రం బాగోలేవు. ఐర్లండ్‌లో సైకిల్‌కి హెల్మెట్ చట్టరీత్యా తప్పనిసరి కాదు, అడిగినవాళ్లకే ఇస్తారు. పెట్టెలో ఉన్నవాటిలో సగం పట్టీలు వదులు, ఒకదానికి బకిల్ విరిగి ఉంది. మంచివి దొరికేదాకా వెతుక్కోవాల్సి వచ్చింది. ఇంత జాగ్రత్తగా బ్రేకులు చూసే షాపు హెల్మెట్లని ఇలా వదిలేయడం నాకు నచ్చలేదు. తాళం ఇవ్వలేదు, ఈ దీవిలో అవసరం లేదన్నారు. నిజంగానే మేం వెళ్లిన ప్రతిచోటా సైకిళ్లు తాళం లేకుండా గోడలకి ఆనించి ఉన్నాయి.

బయల్దేరేముందు కౌంటర్ దగ్గరున్నావిడ ఒక కాగితం మ్యాప్ ఇచ్చి, దాని మీద పెన్నుతో దారి గీసింది. ఈ సేవలో అన్నిటికన్నా విలువైనది ఆ గీతే. దీవిలో పడమర వైపు వెళ్లడానికి రెండు దారులున్నాయి. ఒకటి ఎత్తు మీదుగా వెళ్లే పెద్ద రోడ్డు, మినీ బస్సులు తిరిగేది. రెండోది ఉత్తరపు ఒడ్డున సముద్రం పక్కనే సాగే కింది దారి. వెళ్లేటప్పుడు కింది దారిలో వెళ్లండి, వచ్చేటప్పుడు పై దారిలో రండి, గాలి వీపున ఉంటుంది కాబట్టి ఎత్తులు బాధించవు అంది. ఇక్కడ గాలి ఎక్కువగా పడమటి నుంచే వీస్తుంది. ఆ రోజూ అంతే. వెళ్లేటప్పుడు చదును దారి కాబట్టి ఎదురుగాలిని తట్టుకున్నాం. అదే గాలిలో ఎత్తు ఎక్కాల్సి వస్తే మధ్యాహ్నానికే కాళ్లు చేతులెత్తేసేవి.

ఇది ఐరిష్ భాష మాట్లాడే ప్రాంతం, రోడ్డు బోర్డుల మీద ఊళ్ల పేర్లు ఐరిష్‌లోనే ఉంటాయి. ఫోన్లో ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసుకుంటూ వెళ్తే కూడలి దగ్గర తికమక పడతారు. ఆ కాగితం మ్యాప్‌లో రెండు పేర్లూ ఉన్నాయి, దాన్ని బుట్టలో పైనే పెట్టుకోండి. వాహనాలు మాత్రం మనలాగే ఎడమవైపు నడుస్తాయి, ఆ టెన్షన్ లేదు.

కింది దారిలో కాసేపు వెళ్లేసరికి ఊరి చప్పుడంతా వెనకబడిపోయింది. కుడివైపు సముద్రం, దానికి అవతల కొన్నెమారాలో ట్వెల్వ్ బెన్స్ కొండలు. ఎడమవైపు గోడలు, గోడల మీద గోడలు. సిమెంటు, సున్నం ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చినవి. ఒకచోట ఆగి దగ్గరగా చూశాను. రాళ్ల మధ్య సందుల్లోంచి అవతలి ఆకాశం కనిపిస్తోంది. ఆ సందుల్లోంచి గాలి దూసుకుపోతుంది కాబట్టే గోడ పడిపోకుండా నిలబడుతుంది. చాలా పొలాలకి గేటు ఉండదు. ఆవుల్ని లోపలికి తోలాలంటే గోడలో ఒకచోట రాళ్లు దించి, అవి వెళ్లాక మళ్లీ పేర్చేస్తారు. అసలు ఆ పొలాల్లో మట్టి కూడా చాలావరకు మనుషులు తయారుచేసిందే. ఈ దీవంతా ఒకే సున్నపురాయి పలక. దాని మీద ఇసుక, సముద్రపు నాచు తెచ్చి పరిచి, ఏళ్ల తరబడి అలా వేస్తూపోతేనే బంగాళదుంప పండేంత మట్టి తయారైంది. గోడల్లో ఉన్న రాళ్లన్నీ ఆ పొలాల్లోంచి ఏరి తీసినవే. ఎవరో తలా కాస్త వీపు మీద మోసుకొచ్చిన నేల ఇది అని తెలిశాక, ఆ చిన్న చిన్న పచ్చని గదుల్ని చూస్తే నాకు గొంతు పట్టేసినట్టయింది.

సీల్స్ అనే సముద్ర జంతువులు ఉండే చోటు కూడా ఈ దారిలోనే వస్తుంది. పోటు తగ్గి రాళ్లు బయటపడినప్పుడు వాటి మీదికెక్కి పడుకుంటాయి. దూరం నుంచి బూడిద రంగు బండల్లాగే ఉన్నాయి. ఒక బండ తలెత్తి మా వైపు చూసేదాకా నాకు తెలియలేదు. దగ్గరికి వెళ్లొద్దు, మాటల చప్పుడుకే నీళ్లలోకి జారిపోతాయి. మ్యాప్ ఇచ్చేటప్పుడే ఆ రోజు పోటు ఎప్పుడు తగ్గుతుందో షాపులో అడిగి తెలుసుకోవడం మాకు కలిసొచ్చింది.

ఈ దారిలోనే వచ్చే కిల్‌మర్వీ అనే ఊరు చేరేముందు చిన్న ఎత్తు ఒకటి ఉంది. అక్కడ మావారి సైకిల్ మొండికేసింది. గేరు తగ్గించినప్పుడల్లా చైన్ టకటకా జారుతోంది, పెడల్ ఒక్కసారిగా ఖాళీగా తిరిగిపోతోంది. ‘ఏవండీ, దిగి నడవండి, మోకాలికి తగులుతుంది’ అని నేనే ఆపించాను. మ్యాప్ వెనక ఉన్న నంబరుకి ఫోన్ చేస్తే, ఎక్కడున్నారో చెప్పండి, వస్తున్నాం అన్నారు. అరగంట లోపే వ్యాన్‌లో ఇంకో సైకిల్ వచ్చింది. వచ్చినాయన పాతదాని వెనక గేరు ఒకసారి చూసి, రోజంతా దీంతో తిరగలేరు అని మార్చేసి వెళ్లిపోయాడు. ఒక్క యూరో అదనంగా అడగలేదు. అద్దె సైకిల్ అన్నాక చెడిపోవచ్చు. చెడిపోయినప్పుడు ఏం చేస్తారన్నదే నేను చూస్తాను, ఆ పరీక్షలో వీళ్లు నెగ్గారు. పంపు, స్పేర్ ట్యూబు లాంటి చిన్న కిట్ ఒకటి బుట్టలో పెడితే ఇంకా బాగుండేది.

కిల్‌మర్వీలో తెల్లని ఇసుక బీచ్ ఉంది, నీళ్లు అద్దంలా ఉన్నా చలికి వేళ్లు కొంకర్లు పోతాయి. కెఫేలో వేడి వేడి కూరగాయల సూపు, బ్రౌన్ బ్రెడ్ తిన్నాం. శాకాహారులకి అదొక్కటే పెద్ద దిక్కు. పళ్లు, బిస్కెట్లు, నీళ్లు కిల్‌రోనన్‌లోని స్పార్ సూపర్ మార్కెట్‌లో కొనుక్కుని బుట్టలో వేసుకుంటే దారిలో వెతుక్కునే పని ఉండదు.

సైకిళ్లు విజిటర్ సెంటర్ దగ్గర వదిలేసి, టికెట్ తీసుకుని డూన్ ఎంగస్ కోటకి నడవాలి. టికెట్ 5 యూరోలు, నడక దాదాపు కిలోమీటరు, అంతా ఎక్కుడే. ఆఖర్న మెట్టూ లేని, గట్టూ లేని బండల దారి. అడుగున పట్టు ఉండే బూట్లు వేసుకోండి, చెప్పులతో వచ్చినవాళ్లు అవస్థ పడటం చూశాను. క్రీస్తుపూర్వం 1100 ప్రాంతం నుంచే ఇక్కడ మనుషులు కోట కట్టుకున్నారు. అర్ధచంద్రాకారంలో ఒకదాని లోపల ఒకటిగా రాతి గోడలు. లోపలి గోడల బయట, శత్రువు పరిగెత్తుకుని రాకుండా మొనదేలిన రాళ్లని నిలువుగా పాతిన ఒక పట్టీ ఉంది. ఆ రాళ్ల మధ్య దారి తప్పి ఒక్క అడుగు వేసి చూస్తే వాటి సత్తా అర్థమవుతుంది, చీలమండ ఎక్కడ ఇరుక్కుంటుందోనని భయమేస్తుంది. నాలుగో వైపు గోడ లేదు. అటు 80 మీటర్లకు పైబడిన కొండచరియ, కింద అట్లాంటిక్ సముద్రం. రెయిలింగ్ కూడా లేదు. అంచుకి వెళ్లాలనుకునేవాళ్లు బోర్లా పడుకుని తల మాత్రం ముందుకి పెట్టి చూస్తున్నారు. నేనూ అలాగే చూశాను. కింద పక్షులు ఎగురుతుంటే వాటి వీపులు కనిపించాయి. గాలి ఎక్కువగా ఉన్న రోజు, పిల్లలతో ఉన్నవాళ్లు అంచుకి దూరంగా ఉండటమే మంచిది. అక్కడి సిబ్బంది కూడా అదే చెప్తారు, వాళ్ల మాట వినండి.

అక్కడి నుంచి గోర్ట్ న గాపల్ అనే చిన్న ఊరికి వెళ్లి, సైకిళ్లు గోడకి ఆనించి, రాళ్ల మీద గీసిన ఎర్ర బాణం గుర్తులు పట్టుకుని పోల్ న బేష్ట్‌కి నడిచాం. ఇంగ్లిష్‌లో వార్మ్ హోల్ అంటారు. సముద్రపు ఒడ్డున, బండలో దీర్ఘచతురస్రాకారపు కొలను. అంచులు ఎంత నేరుగా ఉన్నాయంటే మనుషులు తవ్వలేదంటే నమ్మబుద్ధి కాదు. సున్నపురాయి ఒకదానికొకటి అడ్డంగా, నిలువుగా పగుళ్లిస్తుంది. ఆ పగుళ్ల వెంట సముద్రం తొలుచుకుంటూ పోయి, పైకప్పు కూలిపోతే మిగిలిన ఆకారం ఇది. నీళ్లు కింది సొరంగంలోంచి లోపలికి వస్తాయి. పైకి ఏమీ కనపడకుండానే మట్టం ఒక్కసారిగా లేచి, మళ్లీ దిగిపోతుంది. రెడ్ బుల్ క్లిఫ్ డైవింగ్ పోటీలు ఇక్కడ జరిగాయి. కానీ అలలు పెద్దగా ఉన్నప్పుడు కొలను పక్కనున్న బండ మీదికే నీళ్లు ఎగిసి వస్తాయి, కాబట్టి పై బండ మీద నుంచే చూడండి.

నడిచే దారిలో కాళ్ల కింద చూసుకుంటూ వెళ్తే అదో లోకం. బండ పలకలకీ పలకలకీ మధ్య లోతైన నెర్రెలు, వాటిలో గాలి తగలని చోట నాజూకు ఫెర్న్ మొక్కలు, ముదురు గులాబీ రంగు పూలు. అక్కడక్కడ ఆ బూడిద రంగు నేల మీద వేరే జాతి రాయి ఒంటరిగా కూర్చుని ఉంటుంది. అవి గ్రానైట్ గుండ్లు, మంచుయుగంలో హిమానీనదాలు కొన్నెమారా నుంచి మోసుకొచ్చి వదిలేసినవి.

వచ్చేటప్పుడు పై రోడ్డు. గాలి వెనక నుంచి తోస్తుంటే, ఎత్తుల మీద కూడా రెండు మూడు గేర్లు మార్చుకుంటే సరిపోయింది. ఈ రోడ్డు మీద చిరాకు పెట్టేది మినీ బస్సులే. రోడ్డు ఇరుకు, మలుపు తిరగ్గానే ఎదురొస్తాయి. డ్రైవర్లు నెమ్మదిగానే వెళ్తారు కానీ దారి ఇవ్వాల్సింది మనమే. దిగువల్లో బ్రేకులు మాటిమాటికీ నొక్కాలి, పొద్దున ఆ కుర్రాడు బ్రేకుల దగ్గర చూపిన ఓపికకి ఇక్కడ ఫలితం కనిపించింది.

ఆ రాత్రి దీవిలోనే ఉంటున్నామని తెలిసి, సైకిళ్లు మర్నాడు పొద్దున తెచ్చివ్వండి, అదనంగా ఏమీ అక్కర్లేదు అన్నారు షాపులో. దానివల్ల మాకు ఆ రోజుకి సాయంత్రం కూడా కలిసింది. అయిదు గంటల పడవ చాలామందిని తీసుకెళ్లిపోయాక మేం దక్షిణపు ఒడ్డున డూన్ డూకహర్‌కి, అంటే నల్లకోటకి వెళ్లాం. జూన్‌లో ఇక్కడ రాత్రి పదింటికి కూడా వెలుతురు ఉంటుంది కాబట్టి తొందర లేదు. రోడ్డు అయిపోయాక సందు, సందు అయిపోయాక ఉత్త బండలు. సైకిళ్లు అక్కడే వదిలి నడవాలి. సముద్రంలోకి పొడుచుకుపోయిన కొమ్ముకి అడ్డంగా మందపాటి నల్లరాతి గోడ, దాని లోపల గుండ్రటి, కోలగా ఉన్న గుడిసెల పునాదులు. టికెట్ లేదు, కాపలా లేదు, మేం ఉన్నంతసేపూ ఇంకెవరూ రాలేదు. డూన్ ఎంగస్ పెద్దదే, గొప్పదే. కానీ నాకు రెండిట్లో ఒకటే చూసే వీలుంటే దీన్నే ఎంచుకుంటాను. అక్కడ బతికినవాళ్లకి ఎంత గాలి, ఎంత చప్పుడు, ఎంత ఆకాశం ఉండేవో ఇక్కడే ఒంటికి తెలిసింది.

సెవెన్ చర్చెస్ అనే పాత చర్చిల శిథిలాల దాకా కూడా వెళ్లొచ్చు, ఇంకాస్త పడమరకి తొక్కితే వస్తుంది. మేం వార్మ్ హోల్ దగ్గర ఎక్కువసేపు ఉండిపోవడంతో దాన్ని వదిలేశాం. ఒక్క పూటలో అన్నీ చూడాలని ఆదరాబాదరాగా తొక్కితే దేన్నీ చూసినట్టుండదు. అయిదు గంటల పడవకే తిరిగి వెళ్లాలనుకునేవాళ్లు కింది దారి, డూన్ ఎంగస్, వార్మ్ హోల్, ఈ మూడిటితో సరిపెట్టుకోండి.

ఎలక్ట్రిక్ సైకిల్ తీసుకోవాలా అని అడిగేవాళ్లకి: మోకాళ్ల నొప్పులున్నా, రోజూ సైకిల్ తొక్కే అలవాటు లేకపోయినా తప్పకుండా తీసుకోండి, ఈ గాలికి ఆ 40 యూరోలు దండగ కాదు. అలవాటున్నవాళ్లకి మామూలు సైకిల్ చాలు. వాన ఎప్పుడొస్తుందో చెప్పలేం, గొడుగు ఈ గాలిలో నిలవదు, జిప్పున్న రెయిన్ జాకెట్, లోపల వేసుకోవడానికి ఒక స్వెటర్ బుట్టలో ఉంచుకోండి. సైకిల్ చేతికి ఇచ్చాక అక్కడే, షాపు ముందే, అన్ని గేర్లూ మారుస్తూ ఒక చుట్టు తొక్కి చూడండి. హెల్మెట్ పట్టీ లాగి చూడండి. షాపు వాళ్లకి నా విన్నపం ఒక్కటే: చిన్న ఫ్రేములు ఇంకో పది కొనండి, బుక్ చేసుకున్నవాళ్ల పేరు వాటికి కట్టి పక్కన పెట్టండి. అది చేస్తే ఇప్పుడిచ్చే నాలుగు చుక్కల బదులు అయిదూ ఇస్తాను.